బిజినెస్ విద్యార్థులకు సారాంశం రాయడం ఎలా నేర్పాలి

పది పేజీల రిపోర్టు చేతికిచ్చి ఒక పేజీలో సారాంశం రాయమంటే తరగతిలో సగం మంది ఏం చేస్తారో మీకు తెలిసిందే. ఒక్కో పేరాలోంచి ఒక్కో వాక్యం ఏరి వరసగా పెడతారు. తప్పులేమీ ఉండవు, భాష కూడా బాగానే ఉంటుంది. కానీ చదివినవాడికి ఏమీ అర్థం కాదు. మిగిలిన సగంలో కొందరు రిపోర్టు పక్కన పెట్టి సొంత అభిప్రాయాలు రాస్తారు. ఇద్దరికీ మనం సాధారణంగా ఇచ్చే సలహా ఒకటే: 'ఇంకా క్లుప్తంగా రాయండి.' ఆ సలహాతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఎందుకంటే సారాంశం రాయడమంటే పొడుగు తగ్గించడం కాదు, ఏది ముఖ్యమో తేల్చడం. ఆ తేల్చడం చేతకానప్పుడు విద్యార్థి అన్నిటినీ కొంచెం కొంచెం కత్తిరిస్తాడు. కాబట్టి నేర్పాల్సింది మొదట తీర్పు, తర్వాత వాక్యం. కింది పద్ధతి ఆ వరసలోనే సాగుతుంది. ఐదారు తరగతుల్లో పూర్తి చేయవచ్చు. ఒక్క తరగతిలో కుదించాలంటే మొదటి మూడు దశలు, సంఖ్యల దశ ఉంచి మిగతావి ఇంటిపనిగా ఇచ్చేయండి.

మొదటి దశ: సరైన పాఠం ఎంచుకోండి

కంపెనీ వార్షిక నివేదిక మొత్తం ఇచ్చి మొదలుపెట్టకండి. అందులో చదవడానికే శక్తి అయిపోతుంది, రాయడానికి మిగలదు. మొదటి రెండు తరగతులకు ఒక పేజీ, ఆ తర్వాత మూడు నాలుగు పేజీలు చాలు. పొడవు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: పైకి చెప్పేదీ లోపల ఉన్నదీ వేరుగా ఉండే పాఠం కావాలి. శీర్షిక పెళ్లి కబురులా ఉండి, అసలు సంగతి ఐదో పేరాలో నక్కి ఉంటే ఆ అభ్యాసం పనికొస్తుంది. అన్నీ సూటిగా, వరసలో చెప్పే పాఠానికి సారాంశం ఎవరైనా రాస్తారు, దాంతో నేర్చుకునేది ఉండదు.

దొరక్కపోతే మీరే తయారు చేసుకోండి. కింద ఉన్నది అలా కల్పించినదే, వాడుకోవచ్చు:

'ఈ ఏడాది మా సంస్థకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది. అమ్మకాల ఆదాయం 500 కోట్ల నుంచి 560 కోట్లకు పెరిగింది. కొత్తగా మూడు గోదాములు ప్రారంభించాం. రవాణా ఖర్చులు, గోదాముల అద్దెలు పెరగడంతో నిర్వహణ లాభం 75 కోట్ల నుంచి 62 కోట్లకు చేరింది. ఉద్యోగులకు నిర్వహించిన శిక్షణ తరగతులకు మంచి స్పందన వచ్చింది. పాత కార్యాలయ భవనం అమ్మడం ద్వారా, పన్ను పోగా, 16 కోట్ల లాభం సమకూరింది. నిరుడు ఇలాంటి ఆదాయం లేదు. నికర లాభం 50 కోట్ల నుంచి 54 కోట్లకు పెరిగింది. డీలర్ల నుంచి బకాయిలు వసూలు కావడానికి సగటున పట్టే సమయం 60 రోజుల నుంచి 85 రోజులైంది. కొత్త గోదాములు పూర్తి స్థాయిలో పనిచేస్తే వచ్చే ఏడాది ఖర్చులు అదుపులోకి రావచ్చని యాజమాన్యం భావిస్తోంది.'

నిర్వహణ లాభం (అసలు వ్యాపారం మీద వచ్చే లాభం) తగ్గిన చోట 'చేరింది' అన్న మాట పడటం కావాలని చేసిందే. కంపెనీల రాతలు అలాగే ఉంటాయి. విద్యార్థి అది పట్టుకుంటాడో లేదో చూడండి.

రెండో దశ: చదివేవారు ఎవరో ముందే చెప్పండి

'సారాంశం రాయండి' అన్నది సగం ప్రశ్నే. ఎవరి కోసం, వారు ఏం తేల్చుకోవడానికి అన్నది చెబితేనే ప్రశ్న పూర్తవుతుంది. తరగతిని మూడు గుంపులు చేయండి. పైన ఇచ్చిన పాఠాన్నే ఒక గుంపు బ్యాంకు అధికారి కోసం చదవాలి: ఈ సంస్థకు వర్కింగ్ క్యాపిటల్ అప్పు (రోజువారీ వ్యాపారం నడవడానికి ఇచ్చే అప్పు) పెంచవచ్చా? రెండో గుంపు వాటాలు కొనాలనుకునేవారి కోసం. మూడో గుంపు ఇదే సంస్థకు సరుకు అరువు మీద ఇస్తున్న సరఫరాదారు కోసం.

రాయించకండి. పాఠంలో తమ పాఠకుడికి అవసరమైన వాక్యాలు మూడింటిని మాత్రం గుర్తించమనండి. బోర్డు మీద మూడు వరసలు రాస్తే తేడా దానంతటదే బయటపడుతుంది. బ్యాంకు అధికారికీ సరఫరాదారుకీ బకాయిల రోజులు ముందుకొస్తాయి. వాటాదారు భవనం అమ్మకం దగ్గర ఆగుతాడు. ఉద్యోగుల శిక్షణ ఎవరి జాబితాలోనూ ఉండదు. ఆ వాక్యాన్ని ఎవరూ తప్పుగా రాయలేదు, ఈ ముగ్గురికీ అది అక్కర్లేదు, అంతే. అదే ఒక శిక్షణ సంస్థకు పంపే సారాంశమైతే అదే మొదటి వాక్యం కావచ్చు.

ఈ దశ దాటవేసే ఉపాధ్యాయులే ఎక్కువ, బహుశా తరగతిలో ఎవరూ ఏమీ రాయడం లేదన్న టెన్షన్ వల్ల. నా లెక్కలో మొత్తం పద్ధతిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఇక్కడే ఇంకో తేడా కూడా స్పష్టం చేయండి. ఇతరులు రాసినదానికి సారాంశం వేరు, తమ సొంత రిపోర్టు ముందు పెట్టే ఎగ్జిక్యూటివ్ సమ్మరీ వేరు. మొదటిదాంట్లో మన సిఫారసుకు చోటు లేదు. రెండోదాంట్లో సిఫారసు లేకపోతే అది పనికిరాదు. విద్యార్థులు ఈ రెండింటినీ కలిపేస్తారు. కేస్ స్టడీని సంగ్రహించమంటే సలహాలిస్తారు, సలహా ఇవ్వాల్సిన చోట కథ మళ్లీ చెబుతారు. ఏది అడుగుతున్నారో ప్రతి అభ్యాసంలోనూ ఒక వాక్యంలో చెప్పండి.

మూడో దశ: కాగితం మూసి నోటితో చెప్పించండి

పాఠం ఒకసారి పెన్ను లేకుండా చదవాలి. రెండోసారి చదివేటప్పుడు పేరా పక్కన రెండు మూడు మాటలు రాసుకోవచ్చు, వాక్యాల కింద గీతలు మాత్రం వద్దు. గీత గీసిన వాక్యం తర్వాత యథాతథంగా సారాంశంలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత కాగితం మూసేసి, పక్కనున్న విద్యార్థికి ఒక నిమిషంలో చెప్పాలి. వినేవాడు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: 'అయితే ఏంటి?' దానికి వచ్చే జవాబు చాలాసార్లు సారాంశానికి మొదటి వాక్యం అవుతుంది.

రాసే భాష విద్యార్థికి రెండో భాష అయితే ఈ నోటి దశను సొంత భాషలో చేయనివ్వండి. భాష మీద పట్టు లేనివాళ్లు మూలంలోని వాక్యాలను వదలలేకపోవడానికి బద్ధకం కారణం కాదు. ఆ వాక్యం విడిచిపెడితే తమ దగ్గర ఇంకో వాక్యం లేదన్న భయం. ముందు సొంత మాటల్లో చెప్పేస్తే చేతిలో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని రెండో భాషలోకి తెచ్చుకోవడం చిన్న పని.

నాలుగో దశ: నాలుగు పనులు విడదీసి నేర్పండి

ఆన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు పరిశోధకులు 1983లో వెలువరించిన అధ్యయనంలో వేర్వేరు వయసుల విద్యార్థులు సారాంశాలు ఎలా రాస్తారో పరిశీలించారు. అనవసరమైనది, మళ్లీ మళ్లీ వచ్చేది తీసేయడం చిన్న పిల్లలకు కూడా వచ్చింది. విడి విషయాలను ఒక పెద్ద పేరు కిందికి తేవడం, పేరాలో ఉన్న ముఖ్య వాక్యాన్ని ఎంచడం వయసుతో మెరుగుపడ్డాయి. ముఖ్య వాక్యం పేరాలో లేనప్పుడు దాన్ని తామే తయారు చేసుకోవడం మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది, పెద్ద తరగతుల విద్యార్థులకు కూడా అది కష్టమే అయింది.

మన తరగతులకు దీంతో నేరుగా పనుంది. తీసేయడం మీద గంట ఖర్చు చేయకండి, అది వాళ్లకు వచ్చు. గుంపు చేయడానికి పదిహేను నిమిషాలు చాలు: రవాణా, అద్దెలు, కొత్త గోదాములు అని మూడు చోట్ల ఉన్నదాన్ని 'విస్తరణ ఖర్చులు' అనగలిగితే వచ్చినట్టే. సమయమంతా చివరిదానికి పెట్టండి. పై పాఠంలో ముఖ్య వాక్యం ఎక్కడా లేదు. 'అమ్మకాలు పెరిగాయి కానీ అసలు వ్యాపారం మీద వచ్చే లాభం తగ్గింది' అని సంస్థ ఎక్కడా అనలేదు. అది నాలుగు వాక్యాల మధ్య ఉంది. విద్యార్థి ఆ నాలుగింటినీ కలిపి ఐదోది రాయాలి.

అభ్యాసం ఇలా చేయించండి. ఒక పేరా ఇచ్చి 'దీన్నిబట్టి...' అన్న మాటతో ఒక వాక్యం రాయమనండి. తర్వాత ఆ వాక్యానికి ఆధారం పాఠంలో ఎక్కడెక్కడ ఉందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే అది సారాంశం కాదు, ఊహ. ఈ ఒక్క అలవాటుతో, అతిగా కాపీ కొట్టేవాళ్లూ అతిగా కల్పించేవాళ్లూ ఇద్దరూ దారికి వస్తారు.

ఐదో దశ: సంఖ్యలు

బిజినెస్ విద్యార్థుల సారాంశాలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. పై పాఠానికి ఒక సగటు విద్యార్థి రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

'ఈ ఏడాది సంస్థ మంచి ఫలితాలు సాధించింది. ఆదాయం 12 శాతం, నికర లాభం 8 శాతం పెరిగాయి. మూడు కొత్త గోదాములు ప్రారంభించారు. నిర్వహణ లాభం కొంత తగ్గింది. వచ్చే ఏడాది ఖర్చులు అదుపులోకి వస్తాయి.'

దీన్ని బోర్డు మీద పెట్టి తరగతిని తప్పులు పట్టమనండి. 12, 8 రెండూ సరిగ్గానే వచ్చాయి. అయినా మొత్తం తప్పుదోవ పట్టిస్తుంది. 'కొంత' అన్న మాట కింద 17 శాతం పైచిలుకు తగ్గుదల దాక్కుంది. నికర లాభం పెరగడానికి కారణం భవనం అమ్మకం, దాని ఊసే లేదు. బకాయిలు మాయమయ్యాయి. 'రావచ్చని భావిస్తోంది' అన్నది 'వస్తాయి' అయిపోయింది. పెరిగినవాటికి సంఖ్యలు ఇచ్చి, తగ్గినదానికి విశేషణం ఇవ్వడం అన్నిటికన్నా గమనించాల్సింది. విద్యార్థికి అలా చేస్తున్నట్టు తెలియదు, సంస్థ గొంతు వాడి గొంతులోకి దిగిపోయింది.

ఇప్పుడు బ్యాంకు అధికారి కోసం రాసినది చూపించండి:

'అమ్మకాలు 12 శాతం పెరిగినా, డబ్బు చేతికి రావడం నెమ్మదించింది, వ్యాపారం మీద లాభం తగ్గింది. డీలర్ల బకాయిలు వసూలు కావడానికి 60 రోజుల బదులు ఇప్పుడు 85 రోజులు పడుతోంది. విస్తరణ ఖర్చుల వల్ల నిర్వహణ లాభం 75 కోట్ల నుంచి 62 కోట్లకు పడిపోయింది. నికర లాభం 54 కోట్లలో 16 కోట్లు భవనం అమ్మగా వచ్చినవి. అవి తీసేస్తే 38 కోట్లు, నిరుడు 50 కోట్లు. గోదాములు పూర్తిగా పనిచేస్తే ఖర్చులు తగ్గవచ్చని యాజమాన్యం అంటోంది.'

38 అన్న సంఖ్య మూలంలో లేదు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి, మంచి చర్చ అవుతుంది. నా సమాధానం ఇది: కూడికలు, తీసివేతలు చేయవచ్చు, కానీ వాటికి వాడిన అంకెలు రెండూ మూలంలో ఉండాలి, లెక్క పాఠకుడికి కనిపించాలి. అందుకే 54, 16 రెండూ చూపించి 'అవి తీసేస్తే 38 కోట్లు' అని రాశాం కానీ ఊరికే 38 అనలేదు.

సంఖ్యల విషయంలో ఇంకొన్ని సంగతులు విడిగా నేర్పాలి. వీటిని తర్కంతో ఊహించి పట్టుకోలేరు, ఒకసారి చెప్పాల్సిందే.

శాతం, శాతం పాయింట్లు ఒకటి కావు. ఈ సంస్థ నిర్వహణ మార్జిన్, అంటే ఆదాయంలో నిర్వహణ లాభం వాటా, నిరుడు 15 శాతం, ఈ ఏడాది సుమారు 11 శాతం. అంటే 4 శాతం పాయింట్లు తగ్గింది. '4 శాతం తగ్గింది' అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది, ఎందుకంటే 15లో 4 శాతం అంటే 0.6 మాత్రమే. వడ్డీ రేట్ల వార్తల్లో వచ్చే బేసిస్ పాయింటు దీనికి చిన్న కొలత: 100 బేసిస్ పాయింట్లు ఒక శాతం పాయింటు.

పోలిక లేని సంఖ్య సారాంశంలో బరువే. '62 కోట్ల నిర్వహణ లాభం' ఎక్కువో తక్కువో ఎవరికి తెలుసు? నిరుటితోనో, లక్ష్యంతోనో, అదే రంగంలోని వారితోనో పోలిక ఉంటేనే ఉంచాలి, లేదంటే తీసేయాలి. పోలిక ఇచ్చేటప్పుడు దేనితో పోలుస్తున్నామో కూడా చెప్పాలి. త్రైమాసిక ఫలితాలను నిరుటి అదే త్రైమాసికంతో పోల్చారా, ఇంతకుముందు త్రైమాసికంతోనా అన్నది మింగేస్తే, పండగ సీజన్ అమ్మకాలు అద్భుతంలా కనిపిస్తాయి.

యూనిట్లు మారేచోట జారిపడతారు. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. అంతర్జాతీయ రిపోర్టు చదివి కోట్లలో రాసేటప్పుడు ఒక సున్నా తేడా రావడం కొత్తేమీ కాదు. ఒక సారాంశంలో ఒకే యూనిట్ వాడమనండి. దశాంశాలు కూడా అవసరమైనంతే: 11.07 శాతం అని రాయడం వల్ల పాఠకుడికి అదనంగా తెలిసేదేమీ లేదు, '11 శాతం' చాలు.

ఆరో దశ: మొదటి వాక్యంలోనే అసలు సంగతి

అమెరికా సైన్యంలో రాతకోతలకు ఒక నియమం ఉంది: సందేశంలోని ముఖ్యాంశం ముందే రావాలి, నేపథ్యం తర్వాత. కారణం తెలిసిందే, చదివేవాడికి తీరిక ఉండదు. ఆఫీసుల్లోనూ అంతే. విద్యార్థులకు ఇది ఎబ్బెట్టుగా అనిపిస్తుంది, ఎందుకంటే పరీక్షల్లో ఏళ్ల తరబడి ఉపోద్ఘాతంతో మొదలుపెట్టి ముగింపులో విషయం చెప్పడం అలవాటైంది. 'ఈ నివేదిక సంస్థ ఆర్థిక పనితీరును సమగ్రంగా వివరిస్తుంది' లాంటి వాక్యంతో మొదలుపెడతారు. రిపోర్టు ఏ విషయం గురించో అది చెబుతుంది కానీ ఆ విషయం ఏమైందో చెప్పదు.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. మొదటి వాక్యం తప్ప మిగతాదంతా చేత్తో మూసేయమనండి. మిగిలిన ఆ ఒక్క వాక్యం వేరే ఏ సంస్థ రిపోర్టుకైనా సరిపోతుందా? సరిపోతే మార్చాలి.

ముఖ్యమైనది ఎక్కడో అడుగున పడిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన సంఘటన ఉంది, అది వ్యాపారానిది కాకపోయినా. 2003 ఫిబ్రవరి 1న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా భూమికి తిరిగొస్తూ విచ్ఛిన్నమై ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ప్రయోగం సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిపడిన ఒక ఫోమ్ (గట్టి నురుగు) ముక్క రెక్కకు తగలడమే మూల కారణం. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో ఇంజినీర్లు కొన్ని స్లైడ్లలో అధికారులకు వివరించారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. తగిలిన ముక్క ఘనపరిమాణం అంచనాగా 1920 ఘనపు అంగుళాలు, తమ దగ్గరున్న పరీక్షల సమాచారం మాత్రం 3 ఘనపు అంగుళాల ముక్కలదన్న సంగతి అట్టడుగు వరసలో చిన్న అక్షరాల్లో ఉంది. ప్రమాదంపై దర్యాప్తు చేసిన సంఘం అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ స్లైడును ప్రత్యేకంగా విమర్శించింది. ఆ స్లైడులో తప్పు సమాచారమేమీ లేదు. వరస తప్పింది. విద్యార్థులను ఆ రెండు సంఖ్యలతో ఒక్క వాక్యం రాయమనండి, చాలామంది రెండు నిమిషాల్లో స్లైడు కన్నా మంచిది రాస్తారు.

ఏడో దశ: ఎవరన్నారో వదలకూడదు

సారాంశంలో 'రావచ్చు' అన్నది 'వస్తుంది' కావడం, 'యాజమాన్యం ప్రకారం' అన్నది ఎగిరిపోవడం పొదుపు కోసం జరిగే తప్పులు. రెండు మాటలు తగ్గాయనుకుంటారు, నిజానికి ఒక అభిప్రాయాన్ని వాస్తవంగా మార్చేశారు. పాఠంలోని ప్రతి వాక్యం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయించండి: జరిగినది, అంచనా, సంస్థ తన గురించి తాను చెప్పుకున్న పొగడ్త. మొదటిది నేరుగా రాయవచ్చు. రెండోదానికి ఎవరి అంచనానో చెప్పాలి. మూడోదాన్ని దాదాపు ఎప్పుడూ తీసేయాలి. 'ఎంతో ఉత్సాహాన్నిచ్చింది' అన్నది మూడోదే.

ఇక వాక్య నిర్మాణం. దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఏది ముఖ్యమో తేలాక వాక్యాలు సగానికి సగం వాటంతటవే బాగుపడతాయి. అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ 1998 నుంచి ప్రాస్పెక్టస్ (వాటాల్లాంటివి అమ్మే సంస్థ కొనేవారికి ఇచ్చే వివరాల పత్రం) కవరు పేజీ, సారాంశం, రిస్కులు చెప్పే భాగం మామూలు భాషలో ఉండాలని నిబంధన పెట్టింది: చిన్న వాక్యాలు, రోజూ వాడే స్పష్టమైన మాటలు, ఎవరు చేశారో తెలిసే వాక్యాలు, ఒకదాని మీద ఒకటి వేసిన 'కాకపోలేదు' తరహా వ్యతిరేకాలు లేకపోవడం. యూరోపియన్ యూనియన్ 2017లో తెచ్చిన ప్రాస్పెక్టస్ నిబంధనలైతే సారాంశం ఏడు ఏ4 పేజీలు దాటకూడదన్నాయి, అందులో చెప్పే రిస్కులు పదిహేనుకు మించకూడదన్నాయి. క్లుప్తంగా రాయడం టీచరు చాదస్తమని అనుకునే విద్యార్థులకు ఈ రెండూ చెప్పండి. పదిహేను రిస్కులే రాయాలంటే ముప్ఫైలోంచి ఎవరో ఒకరు కూర్చుని ఎంచాలి, ఆ పని రేపు వీళ్లదే కావచ్చు.

ఎనిమిదో దశ: మూలం చదవనివారితో పరీక్షించండి

సారాంశం బాగుందో లేదో మూలం చదివినవాళ్లు చెప్పలేరు. వాళ్లకు తెలియనిది ఏమీ లేదు, ఖాళీలను మనసులో పూరించేసుకుంటారు. మీరూ అంతే, ఆ పాఠం మీరు ఎన్నిసార్లో చదివి ఉంటారు.

అందుకని తరగతిలో సగానికి ఒక పాఠం, సగానికి ఇంకో పాఠం ఇవ్వండి. రాశాక సారాంశాలు మార్చుకోవాలి. చదివినవాళ్లు మీరిచ్చిన మూడు ప్రశ్నలకు ఆ సారాంశం మాత్రమే చూసి జవాబు రాయాలి. మన ఉదాహరణకైతే: లాభం నిజంగా పెరిగిందా? ఎందుకు? ఈ సంస్థకు అప్పు పెంచేముందు మీరు ఇంకేం అడుగుతారు? జవాబులు తప్పితే మార్కులు పోయేది జవాబు రాసినవాళ్లకు కాదు, సారాంశం రాసినవాళ్లకు. ఈ నియమం మొదట్లో కొంచెం గొడవ తెస్తుంది. 'వాడు సరిగ్గా చదవలేదు సార్' అంటారు. ఉద్యోగంలో మేనేజరు కూడా సరిగ్గా చదవడు అని చెప్పి ముందుకు సాగండి.

ఈ దశ తర్వాత తిరగరాయించండి. ఒక్కసారి రాసి మార్కులు తీసుకుని వెళ్లిపోయే అభ్యాసంతో ఏమీ మారదు. తిరగరాసేటప్పుడు పొడవు కూడా తగ్గించండి: మొదటిది 150 పదాలు, తర్వాత 60, చివరికి ఒక్క వాక్యం. అరవైకి వచ్చేసరికి విశేషణాలన్నీ పోతాయి. ఒక్క వాక్యానికి వచ్చినప్పుడు తాము ముఖ్యం అనుకున్నది నిజంగా ముఖ్యమా అన్న సందేహం వస్తుంది. ఆ సందేహం కోసమే ఇదంతా.

తొమ్మిదో దశ: దిద్దడం, మార్కులు

ప్రతి కాగితంలో ప్రతి తప్పూ ఎర్ర పెన్నుతో దిద్దితే మీ వారాంతం పోతుంది, విద్యార్థి మార్కు చూసి కాగితం మడిచేస్తాడు. ఒక్కో కాగితంలో రెండే రెండు విషయాలు గుర్తించండి: వదలకూడనిది ఏది వదిలారు, ఉండకూడనిది ఏది ఉంచారు. వ్యాకరణం కోసం కామన్ తప్పులు ఐదారు ఏరి తరగతిలో ఒకేసారి చెప్పండి.

మార్కులు పదికి అయితే నేను ఇలా పంచుతాను: ముఖ్యాంశాన్ని సరిగ్గా పట్టుకుని మొదట పెట్టినందుకు నాలుగు, సంఖ్యలకు మూడు, ఎవరేమన్నారో స్పష్టంగా ఉంచినందుకు రెండు, భాషకు ఒకటి. భాషకు ఒకటేనా అని సహోద్యోగులు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ భాషకు ఐదు పెడితే విద్యార్థి అందమైన వాక్యాల మీద పడతాడు, భవనం అమ్మకం మళ్లీ మర్చిపోతాడు. పదాల పరిమితి దాటితే సగం మార్కు కోయడం కన్నా, దాటిన భాగాన్ని చదవకుండా కొట్టేయడం మేలు. చివర్లో ముఖ్యమైనది పెట్టినవాళ్లు వెంటనే పైకి తెచ్చుకుంటారు.

ఏఐ టూల్స్ సంగతి కూడా చెప్పాలి. విద్యార్థులు వాడతారు, వద్దని ఆపలేం. వాడకాన్నే అభ్యాసంగా మార్చండి. టూల్ ఇచ్చిన సారాంశాన్ని తెచ్చి, దాంట్లోని ప్రతి సంఖ్యా మూలంలో ఎక్కడుందో పక్కన రాయాలి, ఏ వాక్యం ఈ పాఠకుడికి అక్కర్లేదో కొట్టేయాలి, ఏది లేదో చేర్చాలి. పాఠకుడెవరో చెప్పకుండా అడిగితే టూల్ కూడా మన సగటు విద్యార్థిలాగే అన్నిటినీ కొంచెం కొంచెం చెబుతుంది. చెప్పి అడిగినా అంకెలు సరిచూసుకోవాల్సిందే. పరీక్ష మాత్రం తరగతి గదిలో, కాగితం మీద పెట్టండి.

పరీక్ష ప్రశ్న ఎలా అడగాలన్నది చివరిగా. 'కింది పాఠానికి సారాంశం రాయండి, పది మార్కులు' అని ఇస్తే ఇంతవరకు నేర్పినదంతా పక్కనపడి పాత అలవాటు తిరిగొస్తుంది. ఇలా అడగండి: 'మీ మేనేజరు ఈ సంస్థకు మూడు నెలల అరువు మీద సరుకు ఇవ్వాలా వద్దా అని ఈ సాయంత్రం తేల్చాలి. ఈ రిపోర్టు చదివే తీరిక ఆమెకు లేదు. 80 పదాలకు మించకుండా రాయండి. మీ సలహా అడగలేదు.' ప్రశ్న కొంచెం పొడుగైంది, కానీ జవాబులు దిద్దేటప్పుడు ఆ సమయం తిరిగొచ్చేస్తుంది.